డ్రోసెరా ఆర్డెన్సిస్‌కి చెన్నై ఎండ పడుతుంది, చెన్నై నీళ్ళే పడవు

కీటకాహార మొక్కలు పెంచేవాళ్ళు చెన్నైలో ఇద్దరు కలిస్తే మాట ఎండ దగ్గరే మొదలవుతుంది. ఈ ఊళ్ళో ఏం బతుకుతాయండీ, బెంగళూరైతే హాయిగా ఉండేది, ఊటీ అయితే ఇంకా బాగుండేది, ఇదీ వరస. కొన్ని మొక్కల విషయంలో అది నిజమే. ఆకుల మీది జిగురుతో పురుగులను పట్టే మొక్కలను డ్రోసెరాలంటారు. వాటిలో డ్రోసెరా రీజియానే తీసుకోండి. దక్షిణాఫ్రికా వెస్టర్న్ కేప్‌లో ఒకే ఒక్క లోయలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు, ఆకు 70 సెంటీమీటర్ల దాకా సాగుతుంది, ఫొటో చూస్తే ఎవరికైనా పెంచాలనిపిస్తుంది. కానీ దాని వేళ్ళకు చల్లదనం కావాలి. మే నెలలో దాన్ని ఇక్కడ నిలబెట్టడానికి ఏసీ గదిలో లైట్ల కింద పెట్టి, కుండీ చుట్టూ ఐసు సీసాలు మార్చుకుంటూ కూర్చునేవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ ఓపికకు దండం పెడతాను. నేను మాత్రం ఇంకో వైపు నుంచి చూడమంటాను. మన ఎండను తిట్టుకునే బదులు, ఆ ఎండే కావాలనే డ్రోసెరా ఏదైనా ఉందా?

ఉంది, అదీ ఒకటి కాదు, పెద్ద కుటుంబమే ఉంది. ఉత్తర ఆస్ట్రేలియాలో పెరిగే వీటన్నిటినీ కలిపి పెటియొలారిస్ గుంపు అంటారు. పెటియొలారిస్, పారడాక్సా, ఫాల్కనరై, లనాటా, ఇలా పదికి పైగా జాతులున్నాయి. పెంచడం కష్టమని పేరుపడ్డ గుంపు ఇది. అందులో డ్రోసెరా ఆర్డెన్సిస్ అనేది కొన్నేళ్ళుగా పెరంబూరులో మా డాబా మీద, ఏ గాజు పెట్టే లేకుండా, ఆరుబయట పెరుగుతోంది. దాని గురించి తెలుగులో ఎవరూ రాసినట్టు కనిపించలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ "కష్టం" అన్న పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. ఈ మొక్కల గురించి రాసినవాళ్ళలో ఎక్కువమంది చలిదేశాల వాళ్ళు. అక్కడ శీతాకాలంలో దీన్ని బతికించాలంటే గాజు తొట్టి కావాలి, అడుగున హీటర్ కావాలి, పైన బలమైన లైట్లు కావాలి, తేమ పోకుండా మూత కావాలి, రాత్రి కూడా వెచ్చగా ఉండాలి. అన్నీ కరెంటు బిల్లుతో కూడిన పనులు. మనకు జనవరి తెల్లవారుజామున కూడా 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. గాలిలో తేమ సముద్రం ఇస్తుంది, ఎండ ఎటూ ఉండనే ఉంది. వాళ్ళు డబ్బు పోసి కొనుక్కునేది మనకు ఊరికే వస్తోంది.

ఆర్డెన్సిస్ సొంత ఊరు పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఆర్డ్ నది ప్రాంతం, కునునర్రా అనే చిన్న పట్నం చుట్టుపక్కల. దీనికి 1994లో శాస్త్రీయంగా పేరు పెట్టినవాడు అలెన్ లోరీ, ఆస్ట్రేలియా డ్రోసెరాల మీద ఆయనంత పని చేసినవాళ్ళు అరుదు. భూమధ్యరేఖకు ఇవతల మన బాపట్ల ఎంత దూరమో, అవతల కునునర్రా దాదాపు అంతే దూరం. అక్టోబర్, నవంబర్ నెలల్లో అక్కడ పగటి ఎండ సగటునే 38 డిగ్రీలు. వానంతా ఇంచుమించు డిసెంబర్ నుంచి మార్చి లోపే కురిసిపోతుంది, తర్వాత నెలల తరబడి చుక్క ఉండదు. ఇసుకరాతి గుట్టల పక్కన, ఏ సారమూ లేని ఇసుక నేలలో ఇది బతుకుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనం అనుకునే ఎండ దానికి పుట్టింటి ఎండ. మిగతా డ్రోసెరాలన్నీ నేను గ్రీన్ నెట్ కిందకు జరిపేసే రోజుల్లో కూడా ఇది బయటే ఉంటుంది. ఒక్కటే జాగ్రత్త, కుండీని కాలిన గచ్చు మీద నేరుగా పెట్టను. రెండు ఇటుకలు, వాటి మీద చెక్క, దాని మీద ట్రే.

ఇక మొక్క. మామూలుగా డ్రోసెరా అంటే ఎర్రటి ఆకులు, జిగురు చుక్కలు అనుకుంటాం. ఇది మొదట కనిపించడమే వెండి రంగులో కనిపిస్తుంది. ఆకు కాడలు వెడల్పుగా, చదునుగా, మధ్య నుంచి అన్ని వైపులకూ పరుచుకుని ఉంటాయి. వాటి నిండా తెల్లటి నూగు, దగ్గరకు తీసుకుని చూస్తే ఉన్నిలా ఒత్తుగా. ఆ కాడ చివర, చిన్న చొక్కా గుండీ కంటే చిన్నగా, ఒక ఎర్రటి గుండ్రటి బిళ్ళ. అసలు ఆకు అదే, పురుగును పట్టేదీ అదే. కొత్త ఆకు వచ్చేటప్పుడు ముందు తెల్లటి కాడ సాగుతుంది, బిళ్ళ ఇంకా పిడికిలి బిగించినట్టు ముడుచుకునే ఉంటుంది. తర్వాత మెల్లగా విచ్చుకుంటుంది, అంచు చుట్టూ ఉన్న సన్నటి ఎర్ర కాడలు ఒక్కొక్కటే నిటారుగా లేస్తాయి, ఆఖరికి వాటి కొసల మీద జిగురు ఊరుతుంది. పొద్దున ఆరున్నరకు కాఫీ గ్లాసుతో పైకి వెళ్ళి దీని ముందు కూర్చోవడం నాకు చాలా ఇష్టమైన పని. ఆ తెల్లటి నూగు అందానికి వచ్చింది కాదు. ఎండాకాలంలో మొక్క ఒంట్లో నీళ్ళు ఆవిరైపోకుండా కాపాడేది అదే, రాత్రి గాలిలోని తేమను పట్టి ఉంచేదీ అదే.

ఎండ సంగతి ఇలా సులువుగా తేలిపోయింది గానీ, అసలు కష్టం నీళ్ళ దగ్గర మొదలవుతుంది. ఇక్కడే కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

డ్రోసెరాల వేళ్ళు ఏ ఖనిజాలూ లేని నేలకు అలవాటు పడ్డ వేళ్ళు. నైట్రోజన్, ఫాస్ఫరస్ లాంటివి అవి పురుగుల నుంచి తీసుకుంటాయి, వేళ్ళు ముఖ్యంగా నీళ్ళ కోసం. అందుకే నీళ్ళలో లవణాలు ఎక్కువైతే వేళ్ళు మాడిపోతాయి. మనం తాగే నీటికి భారత ప్రమాణం ప్రకారం టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగి ఉన్న లవణాల కొలత, 500 దాకా ఫర్వాలేదు. ఈ మొక్కకు 50 దాటకూడదు, ఇంకా తక్కువుంటే ఇంకా మంచిది. అంటే మనిషికి శుభ్రమైన నీళ్ళు దీనికి విషమే. మా బోరు నీళ్ళు మీటరు పెడితే వెయ్యి దాటుతాయి. తిరువాన్మియూరు నుంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) పొడుగునా సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్ళకు బోరు నీళ్ళు నాలుక మీద పెట్టుకుంటేనే తెలిసిపోతుంది. మెట్రో వాటర్, లారీ నీళ్ళు, క్యాన్ నీళ్ళు, వేటినీ మీటరు పెట్టకుండా నమ్మకండి. టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకే వస్తుంది. మొక్క కంటే ముందు అది కొనండి.

చాలామంది ఇంట్లో ఆర్వో ఉంది కదా అనుకుంటారు. మన దగ్గర అమ్మే ఆర్వో మెషీన్లలో చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ అని ఒకటుంటుంది, రుచి కోసం కొంత మామూలు నీటిని మళ్ళీ కలుపుతుంది. కొన్నింటిలో ఖనిజాలు కలిపే క్యాట్రిడ్జ్ కూడా ఉంటుంది. కాబట్టి కుళాయి దగ్గర పట్టిన నీళ్ళు 90, 120 చూపించడం మామూలే. సర్వీసుకు వచ్చిన అబ్బాయిని అడిగితే నీటిలోని లవణాలను వడగట్టే మెంబ్రేన్ నుంచి నేరుగా వచ్చే పైపు చూపిస్తాడు, అక్కడ పట్టుకుంటే సమస్య తీరుతుంది. ఏసీ నుంచి కారే నీళ్ళు కూడా బాగానే ఉంటాయి, మా ఇంట్లో 20 లోపే చూపిస్తాయి. అయితే ఏసీ సర్వీసు చేయించి కాయిల్ కెమికల్‌తో కడిగించినప్పుడు కొన్ని రోజులు ఆ నీళ్ళు పట్టకండి.

అన్నిటికంటే మంచివి వాన నీళ్ళు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు మన ఊరికి ఇచ్చేదే అది. మొదటి వానకు డాబా మీద దుమ్మంతా కొట్టుకుపోనిచ్చి, ఆ తర్వాత మూతలున్న ప్లాస్టిక్ డ్రమ్ముల్లో పట్టి నీడలో పెడతాను. మూత మాత్రం గట్టిగా ఉండాలి, లేకపోతే వీధి వీధంతా దోమలు మన పుణ్యమే. మొదట్లో మా అత్తయ్య "తులసమ్మకు పోసే నీళ్ళు దీనికి పనికిరావుటమ్మా?" అని కాస్త కష్టపెట్టుకున్నారు. "దీనికి వాన నీళ్ళే పడతాయత్తయ్యా, మన నీళ్ళలో ఉప్పుంది" అని మీటరు పెట్టి రెండు గ్లాసులూ చూపించాను. ఇప్పుడు మబ్బు పట్టగానే టబ్బులు బయట పెట్టించేది ఆవిడే.

ఇంకో విషయం, ఇది చెన్నైలో చాలా ముఖ్యం. ట్రేలో నీళ్ళు పోసి కుండీని అందులో నిలబెడతాం కదా, మన ఎండకు ఆ నీళ్ళు త్వరగా ఆవిరైపోతాయి, మళ్ళీ పోస్తాం, మళ్ళీ ఆవిరి. నీళ్ళు పోతాయి గానీ వాటిలోని ఉప్పు ఎక్కడికీ పోదు, మట్టిలోనే పేరుకుంటుంది. చలిదేశంలో 50 టీడీఎస్ నీళ్ళతో ఏళ్ళు గడిచిపోవచ్చు, ఇక్కడ అదే నీళ్ళు ఒక్క ఎండాకాలంలో కుండీ అంచున తెల్లటి పొర కట్టిస్తాయి. అందుకే ఎండాకాలంలో అప్పుడప్పుడూ ట్రే తీసేసి, వాన నీళ్ళు పైనుంచి ధారగా పోసి, కింద నుంచి కారిపోనిస్తాను. ఆకుల మీద పడకుండా, కుండీ అంచు వెంబడి.

మట్టి విషయం త్వరగా చెప్పేస్తాను. పీట్ (చిత్తడి నేలల్లో నాచు కుళ్ళి ఏర్పడే మట్టి) ఒక వంతు, సిలికా ఇసుక ఒకటి నుంచి రెండు వంతులు. ఎరువు, వర్మీ కంపోస్టు, ఎర్రమట్టి, ఏవీ వద్దు. బీచ్ ఇసుక గురించి చెప్పనక్కర్లేదు, ఎం-శాండ్ కూడా వద్దు, అది రాతి పొడి. నీటి ఫిల్టర్లలో వాడే గుండ్రటి తెల్ల ఇసుక ప్యారీస్ కార్నర్ వైపు దొరుకుతుంది. తెచ్చాక ఒక చెంచా గ్లాసులో వేసి వెనిగర్ పోసి చూడండి, నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు, అది పక్కన పెట్టేయండి. కోకోపీట్ తమిళనాడులో ఎక్కడ చూసినా దొరుకుతుంది, చవక కూడా, కానీ దాంట్లో ఉప్పు ఎక్కువ. ఎన్నిసార్లు కడిగినా ఈ మొక్కకు దాన్ని వాడడం నాకు ఇష్టం లేదు. కుండీ ప్లాస్టిక్‌దే, కాస్త లోతైనది. మట్టి కుండీ వద్దు.

రెండో కష్టం విశ్రాంతి కాలం. చాలా మొక్కలు చచ్చిపోయేది ఇక్కడే, అదీ ప్రేమ ఎక్కువై.

సంక్రాంతి దరిదాపుల్లో మా డాబా మీద దీని తీరు మారిపోతుంది. పగలు చిన్నదై, గాలి పొడిబారి, రాత్రిళ్ళు కాస్త చల్లబడ్డాక కొత్త ఆకులు పొట్టిగా రావడం మొదలవుతుంది. బిళ్ళల మీద జిగురు తగ్గుతుంది, పెద్ద ఆకులు ఒక్కొక్కటే గోధుమ రంగుకు తిరిగి కిందకు వాలిపోతాయి, చివరికి మధ్యలో ఒక తెల్లటి ఉన్ని ముద్ద మిగులుతుంది. మొదటిసారి చూసినవాళ్ళకు టెన్షన్ పట్టుకుంటుంది. మొక్క ఎండిపోతోందనుకుని ఇంకా నీళ్ళు పోస్తారు, తేమ కోసం పైన కవరు కప్పుతారు, ఏదో ఎరువు తక్కువైందనుకుంటారు. పెరగని మొక్క నీళ్ళు తాగదు, తడిలో నిలబడ్డ మొదలు కుళ్ళుతుంది. చేయాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ట్రే తీసేయాలి. పైన ఇసుక పొడిగా కనిపించి, కుండీ చేతికి తేలిగ్గా అనిపించినప్పుడు అంచు వెంబడి కొద్దిగా నీళ్ళు పోయాలి, అంతే. పూర్తిగా ఎండబెట్టను, తడిపి నానబెట్టను. ఎండలోంచి మాత్రం కదపను. బతికుందా లేదా అని అనుమానం వస్తే మధ్యలో ఉన్నిని వేలి కొసతో తాకి చూడండి. గట్టిగా, తెల్లగా ఉంటే బాగున్నట్టే. మెత్తబడి నల్లగా ఉంటే కుళ్ళు పట్టినట్టు. ఎండిన ఆకులు పీకకండి, అవి మొదలుకు నీడ.

ఉగాది వెళ్ళాక ఎండ ముదిరే కొద్దీ మధ్యలోంచి పొడుగు కాడలు లేస్తాయి. అది చూశాకే ట్రేలో మళ్ళీ నీళ్ళు పెడతాను, ముందు ఒక వేలి మందం, తర్వాత రెండు వేళ్ళు. ఏప్రిల్, మే నెలల్లో ఊరంతా అల్లాడుతుంటే ఇది వారం వారం పెరుగుతుంది. నీళ్ళు మనం సరిగ్గా ఇస్తే చాలు, అది వానాకాలం వచ్చిందనే అనుకుంటుంది.

అసలు వానల్లో మాత్రం వేరే గొడవ. మబ్బు వల్ల వెలుతురు తగ్గుతుంది, ఆకు కాడలు సన్నగా సాగిపోతాయి. జోరు వాన జిగురంతా కడిగేస్తుంది, ఇసుక ఎగిరి మధ్యలో ఉన్నిలో ఇరుక్కుంటుంది. మామూలు జల్లులకు బయటే ఉంచుతాను, వాయుగుండం అని చెప్పగానే లోపలికి తెచ్చేస్తాను. 2023 డిసెంబర్ మొదట్లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు చెన్నైని ముంచినప్పుడు, కుండీలన్నీ మెట్ల మీద వరసగా పెట్టుకున్నాం. కరెంటు లేదు, వెలుతురు లేదు, జిగురు పూర్తిగా పోయింది. ఎండ రాగానే ఒక్కో ఆకూ మళ్ళీ తేరుకుంది. జిగురు లేకపోవడం జబ్బు కాదు. చోటు మార్చినా, వెలుతురు తగ్గినా, మధ్యాహ్నం గాలి బాగా పొడిగా ఉన్నా పోతుంది, మళ్ళీ వస్తుంది. కొత్త ఆకులు కూడా జిగురు లేకుండా వస్తుంటే మాత్రం నీళ్ళకు మీటరు పెట్టాల్సిందే.

పురుగుల్లో నాకు భయం పిండినల్లి ఒక్కటే. మందారం మీదైతే తెల్లగా దూరం నుంచే కనిపిస్తుంది. ఈ మొక్కే తెల్లగా ఉంది, ఆ ఉన్నిలో దూరితే కనిపెట్టడం ఎలా? నేను భూతద్దం పెట్టి, వాలుగా టార్చి వేసి చూస్తాను. మొక్క నూగు పోగులు పోగులుగా ఒకే వైపు వాలి ఉంటుంది, పిండినల్లి మాత్రం ముద్దగా, పొడి చల్లినట్టు ఉంటుంది. చీమలు కుండీ చుట్టూ తిరగడం మొదలెట్టినా అనుమానించాలి. సన్నటి కుంచెను స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కదాన్నీ తీసేస్తాను. వేపనూనె, సబ్బునీళ్ళు కొట్టకండి, ఆ జిడ్డు ఈ ఆకులకు పడదు. ఉడతలు ఇసుక తవ్వుతాయి, దానికి కోడిగుడ్లు మోసే తీగ బుట్ట బోర్లించడమే మందు.

తిండి సంగతి దాదాపు పట్టించుకోనక్కర్లేదు. బయట ఉంటే చిన్న దోమలు, రెక్కల చీమలు అవే పడతాయి. పడ్డ పురుగు మీదకు అంచు కాడలు మెల్లగా వంగుతాయి, కొన్ని రోజులకు ఎండిన పొట్టు మాత్రమే మిగులుతుంది. లోపల పెంచేవాళ్ళు కొళత్తూరు చేపల మార్కెట్లో దొరికే ఎండు బ్లడ్‌వర్మ్స్‌ని నలిపి, చుక్క నీటితో తడిపి, పుల్లతో ఒక్కో బిళ్ళ మీద ఆవగింజంత పెట్టండి. ఎక్కువ పెడితే బూజు పట్టి ఆకే పోతుంది.

మొక్క ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. నాది బెంగళూరులో టిష్యూ కల్చర్ చేసే ఒకరి దగ్గర తీసుకున్నది. సీసాలో పెరిగిన పిల్ల మొక్కకు బయటి గాలే కొత్త. రాగానే ఎండలో పెట్టకుండా, మూత ఉన్న డబ్బాలో నీడన పెట్టి, కొన్ని వారాల పాటు మూత కాస్త కాస్త తెరుస్తూ, తర్వాత ఉదయపు ఎండకు, ఆ తర్వాతే పూర్తి ఎండకు తీసుకెళ్ళాలి. విదేశాల నుంచి తెప్పించుకోవాలంటే మొక్కకు తెగుళ్ళు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, దిగుమతి పర్మిట్ రెండూ ఉండాలి, పోస్టులో కవర్లో పెట్టి పంపేస్తాం అనేవాళ్ళ జోలికి పోకండి. మొదటిసారి పెంచేవాళ్ళు నేరుగా దీంతో మొదలుపెట్టాల్సిన పని కూడా లేదు. మన తూర్పు కనుమల్లోనే డ్రోసెరా ఇండికా, డ్రోసెరా బర్మన్నై వానాకాలంలో తడి ఇసుక నేలల్లో మొలుస్తాయి. బర్మన్నై అయితే పురుగు తగిలిన కొన్ని సెకన్లలోనే అంచు కాడలు విసిరినట్టు వంచేస్తుంది, అంత వేగం డ్రోసెరాల్లో తక్కువ వాటికే ఉంటుంది. కొండ మీద కనిపించాయని తవ్వుకు రాకండి, పెంచేవాళ్ళ దగ్గర విత్తనాలు దొరుకుతాయి, చెన్నైలో చక్కగా వస్తాయి. నీళ్ళ క్రమశిక్షణ దాంతో అలవాటైపోతుంది.

మా ఆర్డెన్సిస్ ఇప్పుడు ఒకటి కాదు, మొదలు పక్కన పిలకలు వేసి ఒక గుత్తిగా తయారైంది. పోయిన వానాకాలంలో పూసింది కూడా, నూగు కప్పిన పొడుగాటి కాడ మీద లేత గులాబీ పువ్వులు, ఒక్కోటి ఒక్క పూటే విచ్చుకుంటుంది. విత్తనం కట్టలేదు. పిలకలు విడదీయడానికి నేను మొక్క విశ్రాంతి నుంచి లేచే సమయమే ఎంచుకుంటాను, అంటే ఉగాది తర్వాత కొత్త కాడలు కనిపించినప్పుడు. విశ్రాంతిలో ఉండగా కదిపితే వేళ్ళు మళ్ళీ పట్టుకోవు. కుండీని వాన నీళ్ళలో ముంచి ఇసుక వదులు చేసి, పిలకకు సొంత వేళ్ళు కనీసం రెండు మూడు ఉన్నాయని చూసుకుని, అప్పుడే వేరు చేయాలి. నల్లటి వేళ్ళు చూసి కుళ్ళాయనుకోకండి, డ్రోసెరా వేళ్ళ రంగే అది. నాటాక రెండు వారాలు నీడన, ట్రేలో నీళ్ళతో ఉంచితే చాలు. ఈసారి మూడు పిలకలు తీయొచ్చనిపిస్తోంది. ఒకటి సైదాపేటలో ఉండే మా ఆడపడుచుకు, మొదట మీటరు కొంటానని మాట ఇచ్చింది. ఒకటి బెంగళూరు వెళ్తుంది, అక్కడి చలికి రాత్రిళ్ళు ఎలా ఉంటుందో చూద్దామని నాకు మొక్క ఇచ్చినాయనే అడిగారు. మూడోది ఇక్కడే పెద్ద కుండీలోకి.